మందమర్రి ప్రాంత బొగ్గు సైడింగులు

బొగ్గు సైడింగు అనగా బొగ్గు గనులను ప్రధాన రైలుమార్గంతో కలిపే పొట్టి రైలుదారి. తెలంగాణ రాష్ట్రం, మంచిర్యాల జిల్లాలోని మందమర్రి పరిసరాలలో (2016 అక్టోబరు 11కు పూర్వం ఇది ఆదిలాబాదు జిల్లా) సింగరేణి కాలరీస్ కంపెనీ తవ్వే బొగ్గు ఇటువంటి సైడింగుల మీదుగా కాజీపేట - బల్లార్షా మార్గానికి చేరి, అక్కడినుండి దూరప్రాంతాల విద్యుత్ కేంద్రాలకు, కర్మాగారాలకు వెళుతుంది. ఈ దారుల పొడవు కొద్ది కిలోమీటర్లే. రైల్వే పటాలలో వీటికి చోటు కూడా దొరకదు. అయినప్పటికీ గని పక్క ఊరి రోడ్డుపై రోజుకు ఎన్ని లారీలు తిరగాలన్నది చాలావరకు వీటిపైనే ఆధారపడి ఉంటుంది.

ఇతర దేశాలలో

అమెరికాలో ఇటువంటి చిన్న దారులను నడపడానికి ప్రత్యేకంగా చిన్న రైలు కంపెనీలు ఉన్నాయి. వీటిని షార్ట్‌లైన్ రైల్‌రోడ్లు అంటారు. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం తరువాత పెద్ద కంపెనీలు తమకు గిట్టుబాటు కాని శాఖామార్గాలను వదులుకోగా, స్థానిక సంస్థలు వాటిని కొనడమో అద్దెకు తీసుకోవడమో చేశాయి. ఇప్పుడు అక్కడ ఇటువంటివి సుమారు 600 ఉన్నాయి. కర్మాగారాల నుండి, ధాన్యపు గిడ్డంగుల నుండి నాలుగైదు వ్యాగన్లు చొప్పున పోగుచేసి పెద్ద కంపెనీ రైలుకు అప్పగించడం వీటి పని.

భారతదేశంలో రైళ్ళు నడపడం ప్రధానంగా ప్రభుత్వ రంగంలోనే ఉన్నది. కాబట్టి ఇక్కడ ఆ స్థానంలో ఉన్నది సైడింగు. సైడింగులో స్థలము, పట్టాలు కంపెనీవి. వ్యాగన్లు, ఇంజను సాధారణంగా రైల్వేవి. పట్టాల మరమ్మతు ఖర్చు కూడా కంపెనీదే. రైల్వేకు, కంపెనీకి మధ్య ఒప్పందంలో ఏ బిందువు వరకు ఎవరి బాధ్యత అన్నది రాసుకుంటారు.

చరిత్ర

1871లో భారత భూగర్భ పరిశీలన సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1886లో ఇంగ్లాండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడి తవ్వకపు హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలయింది. నిజాం రాజ్యపు రైలుమార్గం సికింద్రాబాదు నుండి వరంగల్లు, డోర్నకల్లు మీదుగా బెజవాడకు సాగిన రోజులు కూడా అవే. డోర్నకల్లు నుండి ఇల్లెందు బొగ్గు గనులకు ఒక శాఖామార్గం వేశారు. ఆ కాలంలో ఎడ్లబండ్లపై అంత బొగ్గును కదిలించడం సాధ్యం కాదు. పట్టాలు లేనిదే గనికి విలువ లేదు. ఇల్లెందు స్టేషనుకు సింగరేణి కాలరీస్ అన్న పేరు అందువల్లనే వచ్చింది. 1920లో కంపెనీ కూడా సింగరేణి కాలరీస్ అనే పేరుతో ఏర్పడింది. సింగరేణి నిజానికి ఆ సమీపంలోని ఒక గ్రామం పేరు.

మందమర్రి సంగతి వేరు. ఇల్లెందులో బొగ్గును వెతుక్కుంటూ రైలు వెళ్ళింది. గోదావరికి ఉత్తరాన మాత్రం 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్షా మార్గం ప్రధానంగా ఢిల్లీని మద్రాసుతో కలపడానికి ఉపయోగపడింది. ఆ మార్గంలో మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి వరుసగా వచ్చే స్టేషన్లు. 1920 దశకం చివర బెల్లంపల్లి వైపు, ఆ తరువాత క్రమంగా మందమర్రి, రామకృష్ణాపురం, శ్రీరాంపూర్ వైపు గనులు విస్తరించాయి. ప్రధాన మార్గం దగ్గరలోనే ఉండటం వలన ఇక్కడ పొడవైన శాఖ అవసరం కాలేదు, పొట్టి సైడింగులే సరిపోయాయి.

గనుల పేర్లు తెలియనివారికి ఒక మాట. ఈ ప్రాంతంలో కె.కె. అంటే కళ్యాణిఖని, ఆర్.కె. అంటే రవీంద్రఖని గనులు. కార్మికులు గనిని "బాయి" అంటారు. కె.కె.-5, శాంతిఖని, కాసిపేట గనులు మందమర్రి ప్రాంతపు భూగర్భ గనులలో పేరెన్నిక గలవి. ఇవి కాక ఓపెన్‌కాస్ట్ గనులు కూడా తవ్వారు.

పని జరిగే విధం

గనిలో నుండి వచ్చిన బొగ్గు మొదట సి.హెచ్.పి. అని పిలిచే బొగ్గు నిర్వహణ కేంద్రానికి చేరుతుంది. మందమర్రి ప్రాంతానికి సంబంధించి రామకృష్ణాపురంలో ఇటువంటి కేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడ పెద్ద పెళ్ళలను యంత్రాలతో చితకగొట్టి, కన్వేయర్ బెల్టులపై బంకర్లకు ఎక్కిస్తారు. బంకరు కింద వ్యాగన్లను నిలిపి తలుపు తీస్తే బొగ్గు వ్యాగనులోకి జారుతుంది. బంకరు సదుపాయం లేనిచోట లోడరు యంత్రాలతో ఎత్తి పోస్తారు. తరువాత వేబ్రిడ్జిపై తూకం వేస్తారు. బరువు పరిమితిని మించితే రైల్వే జరిమానా కట్టాలి. తక్కువైతే ఖాళీగా పోయిన చోటుకు కూడా కిరాయి కట్టినట్లే. నింపడానికి ఇచ్చిన గడువు దాటితే గంటకు ఇంత అని డెమరేజి పడుతుంది.

ప్రధాన మార్గంలో విద్యుత్ ఇంజన్లు నడుస్తున్నా, లోడరుతో బొగ్గు నింపే చోట పట్టాలపైన కరెంటు తీగ ఉంచడానికి వీలులేదు, యంత్రపు తొట్టి తగులుతుంది. అందుచేత అటువంటి చోట చివరి కొద్ది దూరం డీజిల్ ఇంజనుతో నడపడమో, వెనుకనుండి నెట్టడమో చేయవలసి వస్తుంది.

ఒక రేక్ ఎన్ని లారీలు

ఒకే సరుకుతో ఒకే గమ్యానికి వెళ్ళే వ్యాగన్ల వరుసను రేక్ అంటారు. బొగ్గు రేకులో సాధారణంగా 58 లేదా 59 వ్యాగన్లు ఉంటాయి. వ్యాగనుకు 65 టన్నుల చొప్పున లెక్కవేస్తే 58 వ్యాగన్లకు 3,770 టన్నులు. అదే బొగ్గును 25 టన్నులు మోసే లారీలతో పంపాలంటే సుమారు 150 లారీలు కావాలి. లారీ వెళ్ళడమే కాదు, ఖాళీగా తిరిగి రావాలి కూడా. అంటే ఒక రేకుకు బదులు రోడ్డుపై 300 సార్లు లారీ పోవాలి. రోజుకు మూడు రేకుల బొగ్గయితే 900 సార్లు. రోజుకు 1,440 నిమిషాలు కనుక, రాత్రి పగలు తేడా లేకుండా దాదాపు నిమిషంన్నరకు ఒక లారీ. ఆ దారిలోనే బడిపిల్లలు సైకిళ్ళపై వెళ్ళాలి, డ్యూటీ దిగిన కార్మికులు ఇళ్ళకు చేరాలి.

ఇంధనం విషయంలో కూడా రైలు మేలైనది. చదునైన పట్టాలపై ఒక టన్ను బరువును మెల్లగా కదిలిస్తూ ఉంచడానికి సుమారు 2 కిలోల లాగుడు బలం సరిపోతుంది. తారురోడ్డుపై రబ్బరు టైర్ల మీద అదే టన్నుకు 6 నుండి 10 కిలోల బలం కావాలి. ఇనుప చక్రం ఇనుప పట్టాపై నొక్కుకుపోదు, రబ్బరు టైరు మాత్రం తిరిగినంతసేపు నొక్కుకుపోతూ తిరిగి సాగుతూ ఉంటుంది. తేడా అంతా అక్కడే. అయితే ఈ లాభం చదునులోనే ఎక్కువ. నూటికి ఒకటి చొప్పున ఎత్తు పెరిగే దారిలో ఏ బండికైనా టన్నుకు మరో 10 కిలోల బలం అదనంగా కావాలి. అప్పుడు రైలుకు 12, లారీకి 16 నుండి 20. రెండింటి మధ్య దూరం బాగా తగ్గిపోయింది చూడండి. అందుకే సైడింగును నిటారుగా గుట్టెక్కించరు, చుట్టు తిప్పి అయినా వాలు తక్కువగా ఉండేటట్లు వేస్తారు. దానికి భూమి ఎక్కువ కావలసి వస్తుంది.

గనికి, సైడింగుకు మధ్య

ఇంత లాభం ఉండగా ప్రతి బాయి దగ్గరికీ పట్టాలు ఎందుకు వేయలేదు? ఈ ప్రశ్నకు సమాధానం రేకులోనే ఉన్నది. నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు నడచిన రోజులలో ఒక్కో వ్యాగనులో 22 టన్నులు పట్టేవి. ఒక గని ముందు పది వ్యాగన్లు నిలిపి, నిండిన తరువాత తీసుకువెళ్ళి వేరొక గని వ్యాగన్లతో కలిపి బండిని తయారుచేసేవారు. దీనివలన వ్యాగన్లు యార్డులలో రోజుల తరబడి నిలిచిపోయేవి. 1980 దశకంలో భారతీయ రైల్వే ఈ పద్ధతిని వదిలి, పూర్తి రేకును ఒకేచోట నింపి నేరుగా గమ్యానికి నడిపే పద్ధతికి మారింది. రైల్వేకు అది ఎంతో మేలు చేసింది.

కాని రోజుకు 500 టన్నులు తీసే భూగర్భ గనికి 3,770 టన్నుల రేకును నింపడానికి ఏడున్నర రోజులు పడుతుంది. కాబట్టి పలు గనుల బొగ్గును ఒక సి.హెచ్.పి.కి చేర్చక తప్పదు. ఆ చేర్చడం చాలాచోట్ల టిప్పర్లతోనే జరుగుతుంది. మార్గమధ్యంలో బొగ్గుపొడి రాలుతుంది, వేసవిలో లేస్తుంది, వానకాలంలో బురద అవుతుంది. రోడ్లపై నీళ్ళు చల్లించినా ఎండకు అవి ఎంతోసేపు నిలవవు. రైల్వే లెక్కలలో సరుకు ప్రయాణం సైడింగులోనే మొదలవుతుంది. మందమర్రి ప్రజల దృష్టిలో అది గని గేటు దగ్గరే మొదలవుతుంది. రైలు రవాణా వలన వచ్చే ప్రయోజనాన్ని లెక్కించేటప్పుడు ఈ తొలి కిలోమీటర్లను వదిలివేయడం సరికాదు.

రామగుండం మెర్రీ-గో-రౌండ్

గోదావరికి దక్షిణాన రామగుండంలోని ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రం ఈ సమస్యకు వేరొక పరిష్కారం చూపింది. 1983లో మొదటి యూనిట్ ప్రారంభమైన ఈ కేంద్రం గోదావరిఖని వైపు గనుల నుండి బొగ్గు తెచ్చుకోవడానికి సొంత రైలుమార్గం వేసుకున్నది. ఇంజన్లు, వ్యాగన్లు కూడా ఆ సంస్థవే. అమెరికా షార్ట్‌లైనుకు మన ప్రాంతంలో అతి దగ్గరగా ఉన్నది ఇదే. బ్రిటన్‌లో 1960 దశకంలో రూపొందిన ఈ పద్ధతిని మెర్రీ-గో-రౌండ్ అంటారు, అనగా జాతరలోని రంగులరాట్నం. రైలు బంకరు కింద నెమ్మదిగా కదులుతూ నిండి, విద్యుత్ కేంద్రంలో గుంతపై నుండి పోతూ వ్యాగన్ల అడుగు తలుపులు తెరచి బొగ్గు దించి, మరల గనికి వస్తుంది. ఇంజనును విప్పి అటునుండి ఇటు మార్చే పని ఉండదు.

దగ్గరి దూరాలకు భారతీయ రైల్వే బండి లాభసాటి కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. సరుకు 20 కి.మీ. మాత్రమే పోయినా సాధారణంగా 100 కి.మీ.కు కిరాయి కట్టవలసి ఉంటుంది. పైగా ప్రయాణికుల టిక్కెట్లను చవకగా ఉంచడానికి ఆ లోటును సరుకు కిరాయితో పూడ్చడం మన రైల్వేలో చాలాకాలంగా ఉన్న పద్ధతి, అందులో పెద్ద భారం బొగ్గుపైనే పడుతుంది. గని పక్కనే ఉన్న విద్యుత్ కేంద్రానికి సొంత పట్టాలే మేలు. రాయచూరు, ముద్దనూరు కేంద్రాల వంటి దూరపు వాటికి రైల్వే రేకే శరణ్యం.

ఇటీవలి మార్పులు

జైపూర్ మండలం పెగడపల్లి వద్ద సింగరేణి స్వయంగా నిర్మించిన 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం 2016లో ప్రారంభమయింది. దీనికి శ్రీరాంపూర్ వైపునుండి రైలుమార్గం వేశారు. ప్రధాన మార్గంలో ప్రయాణికుల బండ్లకు దారి ఇవ్వడానికి బొగ్గు రేకులు గంటల తరబడి ఆగవలసిన స్థితి ఉండగా, రాఘవాపురం - మందమర్రి మధ్య మూడవ లైను వేయడం వలన కొంత వెసులుబాటు కలిగింది.

2019 నుండి కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ "ఫస్ట్ మైల్ కనెక్టివిటీ" పేరుతో పెద్ద గనుల నుండి కన్వేయర్ బెల్టుతో బొగ్గును సైలోకు చేర్చి, నేరుగా రేకులో నింపే ఏర్పాట్లు చేయిస్తున్నది. సైలో అనగా ఎత్తైన గాదె. దాని కింద కదులుతూనే రేక్ దాదాపు గంటలో నిండుతుంది, లోడర్లతో నింపితే పలు గంటలు పడుతుంది. పెద్ద ఓపెన్‌కాస్ట్ గనులకు ఇది సరిపోతుంది. మందమర్రి చుట్టుపక్కల చిన్న భూగర్భ గనులు తీసే కొద్దిపాటి బొగ్గుకు ఇంత పెట్టుబడి గిట్టుబాటు కావడం కష్టం.

ఈ వరుసలో చెప్పదగిన మరొకటి భద్రాచలం రోడ్ (కొత్తగూడెం) - సత్తుపల్లి మార్గం. దీని పొడవు సుమారు 54 కి.మీ. రైల్వే, సింగరేణి ఖర్చు పంచుకుని నిర్మించగా 2022లో బొగ్గు రవాణాకు అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు సత్తుపల్లి బొగ్గు లారీలలో కొత్తగూడెం వరకు రోడ్డుమీద వచ్చేది.