అంగన్‌వాడీ పంతులమ్మ

మూడేండ్ల పిల్ల చింతగింజలను కుప్పలుగా పోసికొనుచుండగా చూచి, "ఊరక ఆడుకొనుచున్నది" అని మనము అనుకొందుము. కాని అది వట్టి ఆట కాదు. గింజలను ఏరిన వ్రేళ్ళే రేపు బలపము పట్టును. ఏ కుప్ప పెద్దదో పోల్చుకొన్న బుద్ధియే రేపు లెక్క చేయును. విన్న కథను తిరిగి చెప్పగల పిల్లకు చదువు భారము కాదు. ఈ ఆటను చదువుగా మలచుటయే అంగన్‌వాడీ పంతులమ్మ పని.

అంగణము అనగా ముంగిలి. బడికి రాలేని బీద పిల్లల ముంగిటికే బడిని కొనిపోవలెనని తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రములోని బోర్డీ, కోస్బాడ్ ప్రాంతములలో కృషి చేసిరి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 బ్లాకులలో ఆరంభమైనది. నేడు దేశమున సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రములు కలవు.

సాధారణముగా ఒక కేంద్రమునకు ఒక పంతులమ్మ, ఒక ఆయా. మూడేండ్లవారు, ఐదేండ్లవారు ఒకే గదిలో కూర్చుందురు. వారికి పాటలు, కథలు నేర్పుటతో పని తీరదు. పిల్లలకు భోజనము పెట్టించవలెను. గర్భిణులకు, బాలింతలకు ఆహారము అందజేయవలెను. బిడ్డలను తూచవలెను, టీకాలకు తల్లులను పిలువవలెను, ఇంటింటికి పోయి మంచిచెడ్డలు విచారింపవలెను. ఇవన్నియు దస్త్రములలోను, 2021 నుండి ఫోనులోని పోషణ్ ట్రాకరులోను ఎక్కింపవలెను. ఈ పనులన్నియు అవసరమైనవే. అయినను వీని నడుమ చిక్కిపోవునది కథ చెప్పు వేళయే. బియ్యము తగ్గినచో పై అధికారి అడుగును; కథ తగ్గినచో అడుగువారు లేరు.

ఇంత చేసినను ఆమె ప్రభుత్వోద్యోగి కాదు, "గౌరవ కార్యకర్త". ఆమెకు లభించునది జీతము కాదు, గౌరవ వేతనము. దీనిలో కేంద్రము లెక్కకు తీసికొను మొత్తము 2018 అక్టోబరు నుండి నెలకు 4,500 రూపాయలు. పైన రాష్ట్రములు తమకు తోచినంత చేర్చును. 2023 నాటికి ఆంధ్రప్రదేశమున మొత్తము 11,500 రూపాయలు, తెలంగాణమున 13,650 రూపాయలు. ఆ యేటి డిసెంబరు నుండి ఆంధ్రప్రదేశమున అంగన్‌వాడీ స్త్రీలు వేతనము పెంచవలెనని, గ్రాట్యుటీ ఈయవలెనని 42 దినములు సమ్మె చేసిరి. ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించెను. అత్యవసరమైన సేవ చేయువారికి గౌరవ వేతనమేల అను ప్రశ్న అందుండియే పుట్టుచున్నది.

ఆశకు తావు లేకపోలేదు. అంగన్‌వాడీ స్త్రీలు 1972 నాటి గ్రాట్యుటీ చట్టమునకు అర్హులేయని సుప్రీముకోర్టు 2022 ఏప్రిలులో తీర్పు చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవ యేటినుండియే చదువు మొదలగునని అంగీకరించి, పన్నెండవ తరగతి చదివిన పంతులమ్మలకు ఆరు నెలల శిక్షణము, తక్కినవారికి ఏడాది శిక్షణము సూచించినది. శిక్షణము మంచిదే. కాని నేర్చినది నేర్పుటకు తీరిక, బ్రదుకుటకు చాలిన జీతము లేనిచో దాని ఫలము పిల్లలకు చేరదు.

ప్రభుత్వము చేయవలసినది అది. మనము చేయగలది ఒకటి కలదు. కేంద్రమునుండి ఇంటికి వచ్చిన బిడ్డను "ఏమి పెట్టినారు?" అని అడుగుచున్నాము. ఇకమీదట "ఏ కథ చెప్పినారు?" అనియు అడుగుదము. ఊరివారు కోరిన చదువును పైవారును ఎల్లకాలము మరువజాలరు.