డీఆక్సీకోలిక్ ఆమ్లం ఇంజెక్షన్

డీఆక్సీకోలిక్ ఆమ్లం ఇంజెక్షన్ అనునది గడ్డం కింద పేరుకొన్న కొవ్వును శస్త్రచికిత్స లేకుండా తగ్గించుటకు వాడే మందు. ఈ కొవ్వును వాడుకలో "డబుల్ చిన్" అంటారు. కైథెరా సంస్థ రూపొందించిన ఈ మందును అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్.డి.ఎ.) 2015 ఏప్రిల్‌లో ఆమోదించగా, కైబెల్లా అనే పేరుతో విడుదలైంది. ఇది అందం కోసం చేయించుకొనే చికిత్సే గాని స్థూలకాయానికి మందు కాదు.

శరీరంలో ఈ ఆమ్లం

ఈ ఆమ్లం మన శరీరానికి కొత్తది కాదు. కాలేయం కొలెస్టరాల్ నుండి కోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి పైత్యరసంతో పాటు పేగులోనికి పంపుతుంది. అక్కడి బాక్టీరియా దానిని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. భోజనంలోని నూనె, నెయ్యి సన్నని బిందువులుగా విడిపోవుటకు పైత్యరస లవణాలు తోడ్పడతాయని పాఠశాలలో చదువుకొన్నదే. కుంకుడు రసం తల జిడ్డును వదిలించడం వంటి పనే ఇది. ఇంజెక్షన్‌లో వాడేది మాత్రం కృత్రిమంగా తయారుచేసిన ఆమ్లం.

చరిత్ర

దీని చరిత్ర ఆసక్తికరమైనది. బ్రెజిల్ చర్మవైద్యురాలు పట్రీషియా రిట్టెస్ కింది కనురెప్పల కొవ్వును తగ్గించుటకు ఫాస్ఫాటిడైల్‌కోలిన్ ఇంజెక్షన్లు వాడి, ఆ ఫలితాలను 2001లో ప్రచురించారు. ఫాస్ఫాటిడైల్‌కోలిన్ నీటిలో సరిగా కరగదు కనుక ఆ మందులో డీఆక్సీకోలేట్ లవణాన్ని ద్రావణిగా కలిపేవారు. కొవ్వును కరిగించేది ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే అందరూ భావించారు. అయితే ఆడమ్ రొటుండా, మైఖేల్ కొలోడ్నీ తదితరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో డీఆక్సీకోలేట్ ఒక్కటే ఇచ్చినా కణాలు దెబ్బతింటున్నాయని తేలింది. అనగా కేవలం ద్రావణి అనుకొన్నదే అసలు మందు!

పనిచేసే విధానం

ఈ ఆమ్లం కొవ్వు కణాల పొరను ఛేదిస్తుంది. కణం పగిలి కొవ్వు బయటపడగా, రక్షక కణాలు ఆ శిథిలాలను కొన్ని వారాలలో తొలగిస్తాయి. మాంసకృత్తులు దీని ప్రభావాన్ని తగ్గిస్తాయి కనుక, అవి అధికంగా ఉండే చర్మం, కండరాల కంటే కొవ్వుకే హాని ఎక్కువ. అంతమాత్రాన మిగిలిన కణాలకు హాని ఉండదని కాదు. మందు ఎక్కడ పడితే అక్కడి కణాలను అది గాయపరచగలదు.

ఒక్కొక్క చోట 0.2 మిల్లీలీటర్ల చొప్పున, సెంటీమీటరు దూరంలో, ఒక విడతలో గరిష్ఠంగా 50 చోట్ల ఇస్తారు. విడతల మధ్య కనీసం నెల వ్యవధి ఉండాలి. మొత్తం 6 విడతలకు మించరాదు.

దుష్ఫలితాలు

వాపు, నొప్పి, కమిలిపోవడం, తిమ్మిరి సర్వసాధారణం. దవడ అంచున పోయే నాడికి దెబ్బ తగిలితే నవ్వినపుడు మూతి వంకర పోతుంది. ప్రయోగ పరీక్షలలో ఇది 4 శాతం మందిలో కనిపించి, తరువాత నయమైంది. కొందరికి మింగుట కష్టమవుతుంది. మందు పైపైన పడితే చర్మం పుండు పడవచ్చు. గడ్డం కింది ఉబ్బుకు కారణం థైరాయిడ్ గ్రంథి వాపు లేక లింఫు గ్రంథుల వాపు కావచ్చును కనుక, ముందుగా వైద్యుడు పరీక్షించడం తప్పనిసరి. వదులైన చర్మాన్ని ఇది బిగించదు.

ఫాస్ఫాటిడైల్‌కోలిన్, డీఆక్సీకోలేట్ కలిపిన అనుమతిలేని ఇంజెక్షన్ల గురించి ఎఫ్.డి.ఎ. 2023లో హెచ్చరిక జారీచేసింది. వాటిని వాడినవారిలో శాశ్వతమైన మచ్చలు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, నొప్పితో కూడిన గడ్డలు ఏర్పడినట్లు ఆ సంస్థకు ఫిర్యాదులందాయి. కొందరు ఈ మందులను ఆన్‌లైన్‌లో కొని తమకు తామే పొడుచుకొన్నారు.