గ్రాటన్‌లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు

కనెక్టికట్‌లో ప్రాజెక్టు అనగానే మనవాళ్ళకు హార్ట్‌ఫర్డ్ తడుతుంది, కాదంటే స్టామ్‌ఫర్డ్. గ్రాటన్ పేరు వినగానే మాత్రం మ్యాప్ తీయాల్సిందే. థేమ్స్ నది లాంగ్ ఐలాండ్ సౌండ్‌లో కలిసే చోట, తూర్పు గట్టున ఉంటుందీ ఊరు. అవతలి గట్టున న్యూ లండన్. ప్రపంచంలోని తొలి అణు జలాంతర్గామి నాటిలస్ 1954లో నీళ్ళలోకి దిగింది ఇక్కడే. ఇప్పుడది మ్యూజియం, టికెట్టు లేకుండా చూడవచ్చు. జలాంతర్గాముల కర్మాగారంలో కొలువులు చాలావరకు అమెరికా పౌరులకే. మనవాళ్ళను ఇక్కడికి రప్పించేది ఫైజర్ పరిశోధన కేంద్రం. కెమిస్టులు, స్టాటిస్టీషియన్లు, ట్రయల్స్ డేటా చూసేవాళ్ళు, అక్కడి కంప్యూటర్లను నడిపే కాంట్రాక్టర్లు వస్తుంటారు.

ఇలా వచ్చినవాళ్ళలో చాలామంది నిజానికి ఈ ఊళ్ళో ఉండరు. శుక్రవారం సాయంత్రం సూట్‌కేసుతో ఎడిసన్‌కో బోస్టన్‌కో బయల్దేరి, ఆదివారం రాత్రికి వచ్చి పడుకుంటారు. కుటుంబం అక్కడుంటే వేరే మాట. ఒంటరిగా ఉన్నవాళ్ళయినా శని, ఆదివారాలు ఊళ్ళో గడపాలని నా గట్టి అభిప్రాయం. ఊరు పరిచయమయ్యేది ఆ రెండు రోజుల్లోనే.

ముందు ఇల్లు. ఈ తీరంలో వేసవి ఇళ్ళు చాలా ఉన్నాయి. జూన్ నుంచి లేబర్ డే వరకు యజమానులే ఉంటారు, లేదా వారాల లెక్కన పెద్ద అద్దెకిస్తారు. సెప్టెంబరు నుంచి మే దాకా సామానుతో సహా తక్కువ అద్దెకు దొరుకుతాయి. వింటర్ రెంటల్ అంటారు. ప్రాజెక్టు మీద వచ్చినవాడికి ఇంతకంటే అనువైనది లేదు. కానీ సంతకం పెట్టేముందు మూడు సంగతులు అడిగి తీరాలి. ఇల్లు చలికాలానికి తగ్గట్టు కట్టిందేనా? చాలా కాటేజీల గోడల్లో ఇన్సులేషన్ ఉండదు. వేడి దేనితో? న్యూ ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఎన్నో ఇళ్ళు హీటింగ్ ఆయిల్ మీదే నడుస్తాయి. బేస్‌మెంట్‌లో ట్యాంకు ఉంటుంది, ఆయిల్ ఖర్చు ఎవరిదో లీజులో రాయించుకోకపోతే జనవరిలో అద్దె మీద ఇంకో అద్దె కట్టినట్టవుతుంది. మూడోది, వీధి ఎంత పల్లంలో ఉందన్నది. శీతకాలపు నార్‌ఈస్టర్ తుఫాను సముద్రపు పోటుతో కలిసొస్తే పల్లపు వీధుల్లోకి ఉప్పునీరు వస్తుంది. ఆ రాత్రి కారు మెరక మీద పెట్టుకోవాలి. 1938 సెప్టెంబరు 21న వచ్చిన పెనుతుఫాను ఈ తీరాన్ని ఎలా తుడిచిపెట్టిందో ఇక్కడి పాతకాపుల ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాగితాల సంగతీ చూసుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పనిచేసే చోటు వేరే మెట్రో పరిధిలోకి మారితే, మారకముందే సవరించిన పిటిషన్ వేయాలి. 2015 నాటి సిమియో తీర్పు తేల్చింది ఇదే. ఏడాదికి మించి సాగుతుందని ముందే తెలిసిన పనిని పన్ను చట్టం తాత్కాలికంగా ఎంచదు. అప్పుడు కంపెనీ ఇచ్చే పర్ డియం జీతంతో సమానం, పన్ను పడుతుంది. అద్దె కలిసొస్తుందని రోడ్ ఐలాండ్‌లోని వెస్టర్లీలో ఉంటూ గ్రాటన్‌లో పనిచేస్తే రెండు రాష్ట్రాల్లోనూ రిటర్నులు వేయాలి.

ఇక సముద్రం. విశాఖలోనో కాకినాడలోనో పెరిగినవాళ్ళకు మొదట్లో దిక్కు తెలియదు. మన తీరం తూర్పు ముఖం, ఈ తీరం దక్షిణ ముఖం. ఎదురుగా లాంగ్ ఐలాండ్ అడ్డుంది గనుక కెరటం ఎత్తుగా లేవదు. కెరటాలే కావాలంటే వెస్టర్లీ దాకా పోతే మిస్క్వామికట్ ఒడ్డున అట్లాంటిక్ నేరుగా తగులుతుంది. నీరు ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది. మే నెలలో హార్ట్‌ఫర్డ్‌లో చొక్కాతో తిరిగే రోజున ఇక్కడ స్వెటర్ కావాలి. ఈతకు మంచి నెల సెప్టెంబరు.

చేపల విషయంలో ఈ తీరం మనకు చాలా ఇస్తుంది. పక్కనే ఉన్న స్టోనింగ్టన్‌లో ఇప్పటికీ వేట పడవలున్నాయి. అక్కడ పోర్చుగీసు మూలాలున్న జాలరి కుటుంబాలు ఎక్కువ. వేసవి నుంచి ఆకురాలు కాలం దాకా దొరికే బ్లూఫిష్‌ను నీచు ఎక్కువని ఇక్కడివాళ్ళు చాలామంది పక్కన పెడతారు, లేదా పొగబెట్టి తింటారు. ఆ నూనె, ఆ ఘాటే చింతపండు పులుసుకు కావాలి. ఒక్కటే షరతు, పట్టిన రోజే వండాలి. చిన్న ముళ్ళ చేప పోర్గీని ఉప్పూకారం పట్టించి పెనం మీద వేపితే అచ్చం మనింటి రుచే. దుకాణంలో తలకాయలు అడిగి చూడండి, పారేసేవే గనుక సంతోషంగా ఇస్తారు. సొంతంగా గాలం వేయాలంటే రాష్ట్రం లైసెన్సు, ఆల్చిప్పలు ఏరాలంటే టౌన్ పర్మిట్ తీసుకోవాలి. పెద్ద వాన పడ్డాక ఆల్చిప్పల మడుగులు కొన్నాళ్ళు మూసేస్తారు, ఆ బోర్డు చూడకుండా దిగకూడదు.

ఊరివాళ్ళతో పలకరింపులు చలికాలంలోనే మొదలవుతాయి. జులైలో టూరిస్టులు మూగే మిస్టిక్ వంతెన దగ్గర నిలబడితే మీరూ ఒక టూరిస్టే. ఫిబ్రవరిలో అదే చోట కనబడితే ఇక్కడే ఉంటున్నారని ఊరికి అర్థమవుతుంది. కాఫీ కొట్టులో పేరు గుర్తుంటుంది, గ్రంథాలయంలో కార్డు ఇచ్చినావిడ మ్యూజియం పాసుల సంగతి తానే చెబుతుంది. ప్రాజెక్టు మీద వచ్చే మనకు చవగ్గా ఇల్లు దొరికే నెలలూ, ఊరు తీరిగ్గా ఉండే నెలలూ ఒకటే. ఆ నెలల్ని హైవే మీద ఖర్చు చేస్తున్నాం.

ఇందులో మన తెలుగువాళ్ళ సంఘం చేయగల పని ఒకటుంది. గుడికి మిడిల్‌టౌన్, సరుకులకు హార్ట్‌ఫర్డ్ వైపు, పండుగలకూ అటే, ప్రతిసారీ తీరంలో ఉన్నవాళ్ళే గంట ప్రయాణం చేస్తున్నారు. వచ్చే సెప్టెంబరులో, లేబర్ డే దాటాక, వనభోజనం ఈస్ట్ లైమ్‌లోని రాకీ నెక్ స్టేట్ పార్కులో పెడదాం. కనెక్టికట్ నంబరు బండ్లకు 2018 నుంచి స్టేట్ పార్కుల్లో పార్కింగ్ రుసుము లేదు. నీరు వెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు. బ్లూఫిష్ పులుసు గ్రాటన్ వాళ్ళు తెస్తారు. అన్నం, పెరుగు మిగతావాళ్ళు చూసుకోవాలి.