ఇంటి లోపలి మొక్కలు – కుండీల ఎంపిక

గృహాలంకరణలో కుండీ అందంగా ఉంటే చాలదు. అది మొక్క వేళ్లకు తగినంత గాలి, తేమ అందేలా ఉండాలి.

చెన్నూరు ప్రాంతంలో ఎండాకాలంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు రంజన్‌లో నీళ్లు చల్లబడడం మీరు గమనించే ఉంటారు. మట్టి కుండీ కూడా అలాగే పనిచేస్తుంది. దాని సూక్ష్మ రంధ్రాల గుండా తేమ బయటికి వచ్చి ఆవిరవుతుంది. వేళ్లు చల్లగా ఉంటాయి. అయితే మట్టి త్వరగా ఆరిపోతుంది. కాబట్టి పొడినేలను తట్టుకునే కలబంద, స్నేక్ ప్లాంట్ వంటి వాటికి మట్టి కుండీ అనువైనది. తేమను కోరే ఫెర్న్ మొక్కలకు ప్లాస్టిక్ లేదా పింగాణీ కుండీ మేలు.

ఏ కుండీకైనా అడుగున రంధ్రం తప్పనిసరి. లేకపోతే నీరు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. పాత ఇత్తడి గుండిగను అలంకరణకు వాడదలిస్తే, దానికి రంధ్రం చేయనక్కరలేదు. రంధ్రమున్న చిన్న కుండీలో మొక్కను నాటి, ఆ కుండీని గుండిగలో ఉంచండి.

కుండీ కింది పళ్లెంలో, గుండిగ అడుగున నీరు నిలవనీయకండి. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇటువంటి నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. అందువల్ల నీరు పారబోసి ఊరుకోక, వారానికొకసారి రుద్ది కడిగి ఆరబెట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లోని ఒక కుండీని పరిశీలించి, అందులోని మొక్కకు అది తగినదో కాదో కారణాలతో రాయండి.