పాత పెద్దకారు: కొనుగోలు వెల, పోషణ వెల

పెనుకొండకు చేరువనున్న ఎఱ్ఱమంచి వద్ద కియా కర్మాగారమున 2019 నుండి క్రొత్త కార్లు తయారగుచున్నవి. 2023 జూలైలో అచ్చట పదిలక్షలవ బండి వెలువడినది. అయినను హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కొంత ధనము కూడబెట్టుకొన్న కుటుంబములు కొన్ని, ముంగిట తయారగు క్రొత్త బండిని విడిచి బెంగుళూరు వైపు చూచుచున్నవి. హిందూపురమునకు బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. అచ్చట పోర్షే, రేంజ్ రోవర్, బీఎండబ్ల్యూ, ఆడీ, మెర్సిడీస్ సంస్థల పెద్ద ఎస్‌యూవీలు, పదేండ్లు వాడినవి, క్రొత్తవాని వెలలో చిన్న భాగమునకే దొరకుట కలదు. మధ్యరకపు క్రొత్త కారు వెలకే కోటి రూపాయల బండి వచ్చుచుండగా ఎవరి మనస్సు చలింపదు? అట్టి బండిని కొనవలెనా, వలదా, కొన్నచో ఏమేమి చూచుకొనవలెను అను విషయమును ఇచ్చట విచారింతము.

ఇవి కేవలము ఎత్తయిన కార్లు కావు. 2002లో పోర్షే సంస్థ కయెన్ అను పేర తన మొదటి ఎస్‌యూవీని వెలువరించినప్పుడు, దాని టర్బో రకమున 4.5 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలు, 450 అశ్వశక్తి ఉండెను. రెండు టన్నులకు మించిన ఆ బండి, నిలిచిన చోటునుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును ఆఱు సెకనుల లోపలనే అందుకొనెడిది. అంత బరువును అంత వేగముతో నడిపి, మలుపులలో ఒరగకుండ నిలిపి, మరల క్షణములో ఆపవలెనన్నచో, ప్రతి భాగమును మామూలు కారు భాగముకంటె పెద్దదిగను, సూక్ష్మమైనదిగను, ఖరీదైనదిగను ఉండక తప్పదు.

మరి వెల ఇంతగా ఏల పడిపోవును? మొదటి యజమాని, సంస్థవారి హామీ గడువు తీరకముందే, మరమ్మతు ఖర్చులు మొదలు కాకముందే బండిని అమ్మివేయును. రెండవ యజమాని కొంతకాలము భరించి తానును వదలించుకొనును. మూడవ చేతికి వచ్చుసరికి వెల నేలనంటును. ఇచ్చటనే మనము గ్రహింపవలసిన ముఖ్యవిషయమున్నది. తగ్గినది బండి వెల గాని, దాని విడిభాగముల వెల కాదు. కోటి రూపాయల బండి పదునెనిమిది లక్షలకు వచ్చినదనుకొందము. దాని బ్రేకు డిస్కు, దాని లైటు, దాని గేరుబాక్సు ఇప్పటికిని కోటి రూపాయల బండి భాగములే. కావున కొన్ననాడు చెల్లించునది ప్రవేశ రుసుము వంటిది మాత్రమే.

ఏ భాగములు ముందుగా చెడునో తెలిసికొందము. ఈ బండ్లలో అనేకమునకు ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులుండును. ఏండ్లు గడచినకొలది, అందును మన రాయలసీమ ఎండలలో, రబ్బరు బీటలువాఱి గాలి కాఱును. రాత్రి సమముగా నిలిపిన బండి తెల్లవాఱుసరికి ఒక మూల కూలబడియుండుట దానికి గుర్తు. తగ్గిన గాలిని నింపుటకై కంప్రెసరు మాటిమాటికి తిరిగి తిరిగి, తుదకు అదియు పాడగును.

ఇంజనుల సంగతి వేఱొకటి. మొదటి తరపు కయెన్‌ల ఎనిమిది సిలిండర్ల ఇంజనులలో నీరు ప్రవహించు ప్లాస్టిక్ గొట్టములు వేడికి పెళుసెక్కి పగులుట మెకానిక్కులందఱు ఎఱిగినదే. బీఎండబ్ల్యూ 2008లో తెచ్చిన ఎన్63 ఇంజనులో రెండు టర్బోలును సిలిండర్ల వరుసల నడుమనే ఇమిడియుండుటచే వేడి తాకిడి ఎక్కువ. నూనె అధికముగా ఖర్చగుట మొదలగు ఫిర్యాదులు రాగా, ఆ సంస్థ 2014లో అమెరికాలో ఆ ఇంజనులకు ప్రత్యేకముగా ఒక మరమ్మతు పథకమునే నడపినది. గేరుబాక్సు నూనెను ఎన్నడును మార్చనక్కఱలేదని కొన్ని కార్ల సంస్థలు చెప్పినను, అట్టి గేరుబాక్సులను నిర్మించు జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రము 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చవలెనని సలహా ఇచ్చుచున్నది.

చెడిన భాగము చెడును, బాగుచేయువారు దగ్గఱనున్నచో చింతలేదు. కాని ఈ మూడు పట్టణములలో ఆ సంస్థల సర్వీసు కేంద్రము లేదు. ధర్మవరమున బండి ఆగినచో దానిని లారీపై ఎక్కించి బెంగుళూరు పంపవలెను. అచ్చట విడిభాగము విదేశమునుండి వచ్చువఱకు వారములు వేచియుండవలసి రావచ్చును. పట్టుచీరల వ్యాపారము చేయు ఇంట, పెండ్లిండ్ల కాలమునకు ముందు పట్టునూలు, జరీ కొనవలసిన సొమ్ము ఈ విధముగా షెడ్డులో చిక్కుకొన్నచో, దెబ్బ తగులునది ఒక్క విలాసమునకు కాదు, మగ్గమునకును తగులును.

ఇంత తెలిసియు కొనదలచినవారు బండిని ఉదయమున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడవలెను. ముందుగానే వేడెక్కించి యుంచినచో సందేహింపవలెను. పొగ రంగు, గొలుసు చప్పుడు, గేరు మారునప్పటి కుదుపు గమనింపవలెను. ఆ రకపు బండ్లు తెలిసిన స్వతంత్ర మెకానిక్కుచే లిఫ్టుపై ఎత్తించి, కంప్యూటరుతో తప్పులను చదివించుటకు అగు కొన్ని వేల రూపాయలు వృథా కావు. టైరు ప్రక్కనున్న నాలుగు అంకెలలో మొదటి రెండు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెల్పును. 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారము.

వరదలో మునిగిన బండ్ల విషయమున మఱింత జాగ్రత్త వలయును. 2022 సెప్టెంబరులో బెంగుళూరున బెళ్లందూరు ప్రాంతపు ఇండ్లలోనికి నీరు ప్రవేశించి ఖరీదైన కార్లెన్నో మునిగినవి. తివాచీ క్రింద మట్టి, సీటు బోల్టులకు త్రుప్పు, ముక్కవాసన, లైటులలో తేమ కనబడినచో వెంటనే వెనుదిరుగవలెను. ఆ బండ్ల వైర్లలో చేరిన తడి సంవత్సరముల తరువాతనైన బయటపడును.

ఇక పత్రముల సంగతి. కర్ణాటకలో నమోదైన బండిని మన రాష్ట్రమున పన్నెండు నెలలకు మించి ఉంచుకొన్నచో, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము ఇచ్చట క్రొత్త సంఖ్య పొందవలెను. అందులకు ఫారము 28 ద్వారా అచ్చటి నిరభ్యంతర పత్రము, యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారములు, అప్పు తీఱినదనుటకు ఫారము 35 కావలెను. కొన్నవారు ముప్పది దినములలో కొనుగోలును తెలియజేయవలెను. ఇచ్చట జీవితకాలపు పన్నును మరల చెల్లించి, కర్ణాటకలో చెల్లించిన పన్నులో మిగిలినదానికై వేఱుగా దరఖాస్తు చేయవలెను. ఈ పన్ను ఎంతయో మన రవాణా కార్యాలయమున ముందే అడిగి, ఆ మొత్తమును వెలకు చేర్చిన పిమ్మటనే బేరమాడుట మంచిది. పదునైదేండ్లు నిండిన కారు నమోదును పునరుద్ధరించుకొనక తప్పదు. అందుకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. దిగుమతి కార్లకు 40,000. భీమాను పదునాలుగు దినములలో తమ పేరనకు మార్చుకొనవలెను. పాత యజమాని పొందిన రాయితీ కొన్నవారికి రాదు.

అట్లయిన ఎవ్వరును కొనరాదా? అట్లు మేము చెప్పము. ఆ బండ్ల స్థిరత్వము, బ్రేకుల బలము, దూరప్రయాణపు సుఖము నిజమైనవే. కాని అతి చౌకగా వచ్చిన ఎనిమిది సిలిండర్ల బండికంటె, ఒక్క యజమాని చేతిలో ఉండి, ప్రతి సర్వీసు రసీదు గల ఆఱు సిలిండర్ల బండికి కొంత ఎక్కువ ఇచ్చుటయే మేలు. బండి వెలలో మూడవ వంతునకు తగ్గని సొమ్ము మొదటి రెండేండ్ల మరమ్మతులకై బ్యాంకులో విడిగా ఉంచుకొనవలెను. ఇంటిలో ప్రతిదినము వాడుటకు వేఱొక బండి ఉండవలెను. ఈ రెండును సమకూడినవారు నిశ్చింతగా కొనవచ్చును. బండి కొనుటతోనే సొమ్మంతయు ముగియువారికి, ఎఱ్ఱమంచిలో తయారై, పిలిచిన దూరమున మెక్యానిక్కు దొరకు క్రొత్త బండియే ఇంటికి క్షేమము.