మీకు తెలుసా? రిమోట్ కొన్నంత మాత్రాన చేయి తిరగదు!

నందికొట్కూరు వైపు చేలో మందు కొట్టే డ్రోను లేచిందంటే గట్టు మీదున్న అందరి కళ్లూ ఆకాశం వైపే. చూడాల్సింది మాత్రం నడిపేవాళ్ల బొటనవేళ్లను.

ఖరీదైన రిమోట్ (ట్రాన్స్‌మిటర్) ఉంటే బాగా ఎగరేయొచ్చా? సగం నిజం. చౌక రకాల్లో వేళ్లతో కదిపే పుల్లల (స్టిక్‌ల) కింద పొటెన్షియోమీటర్లు ఉంటాయి. రాపిడికి అరిగి, దుమ్ము చేరాక, వేలు కదలకున్నా సంకేతం వణుకుతుంది. మేలు రకాల్లో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లుంటాయి. వాటిలో రాపిడి లేదు. మన సీమ దుమ్ముకు అవే నయం.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. డ్రోనైనా, రిమోట్ విమానమైనా ముక్కు మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్లు కూల్చేది ఎక్కువగా ఇక్కడే. అప్పుడు ఏ రెక్క కుంగితే పుల్లను అటే నెట్టాలి. ఇది బుర్రకు తెలిస్తే చాలదు, వేలికి తెలియాలి. ఎంత పెట్టి కొన్న రిమోటూ దాన్ని నేర్పదు.

వ్యవసాయ డ్రోన్లకు జీపీఎస్ సాయం ఉంటుంది కదా అంటారా? అది మొరాయించిన క్షణాన మళ్లీ వేళ్లే దిక్కు. 2023లో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలోనూ డ్రోనుతోపాటు 15 రోజుల శిక్షణ పెట్టారు, అందులో 5 రోజులు పైలట్ శిక్షణే.

కొత్త రిమోట్ కొనేముందు, ఉన్నదాన్నే కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్‌లో ఎగరేయండి. అక్కడ వందసార్లు కూలినా ఒక్క ప్రొపెల్లరూ విరగదు.