గుజ్జనగూళ్లకు ఎంత వంటిల్లు కావాలి?

ఏడాది నిండిన బిడ్డకు పుట్టినరోజు కానుకగా ఇప్పుడు విజయవాడ దుకాణాల్లో ఎక్కువగా కనిపించే వస్తువుల్లో బొమ్మ వంటిల్లు ఒకటి. పొయ్యి, కుళాయి, అలమర కలిసి ఉన్న ప్లాస్టిక్ గూడు, దానితో పాటు వచ్చే చిన్న గిన్నెలు, గరిటెలు, నకిలీ కూరగాయలు కలిపి దీన్ని బొమ్మ వంటిల్లు అంటారు. ఇది ఒకటి నుంచి మూడేళ్ల లోపు పసివారికి నిజంగా పనికొచ్చే కానుకేనా అన్న ప్రశ్నకు సమాధానం ధరలోనూ పరిమాణంలోనూ దొరకదు. ఆ వయసు బిడ్డ దానితో ఏం చేస్తుంది, అది ఎంత క్షేమం అన్న రెండు విషయాలను పరిశీలిస్తేనే తేలుతుంది.

తెలుగునాట ఈ ఆట కొత్తది కాదు. పిల్లలు ఉత్తుత్తిగా వండి, తోటివారికి వడ్డించే ఆటకు గుజ్జనగూళ్లు అని పేరు. పదిహేనవ శతాబ్దపు కవి పోతన భాగవతం దశమ స్కంధంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ, బొమ్మల పెళ్లిళ్లతో పాటు ఈ ఆటను కూడా పేర్కొన్నాడు. ఆ ఆటకు కావలసిన సామగ్రినే కృష్ణా డెల్టా తిరునాళ్లలో లక్కపిడతల పేరుతో అమ్మేవారు. పిడత అంటే చిన్న కుండ. లక్క పూసిన కొయ్యతో చేసిన బిందె, చెంబు, తిరగలి, రోలు, రోకలి, అప్పడాల పీట అన్నీ ఒక చిన్న బుట్టలో ఇమిడిపోయేవి. అంటే నేటి బొమ్మ వంటింటికి, నాటి లక్కపిడతలకు మధ్య తేడా ఆటలో లేదు, సామాను ఆక్రమించే చోటులో ఉంది.

బిడ్డ ఎదుగుదలలో ఈ ఆటకు ఒక క్రమం ఉంటుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య వయసులో బిడ్డ ఖాళీ గ్లాసును నోటి దగ్గర పెట్టుకుని తాగినట్లు నటిస్తుంది. రెండేళ్లు వచ్చేలోపు బొమ్మకు తినిపించడం మొదలవుతుంది. ఆ తరవాత వండటం, వడ్డించడం, గిన్నెలు కడగటం ఒకదాని వెంట ఒకటిగా చేరి ఒక చిన్న కథ అవుతుంది. ఒక వస్తువును చూసి మరొక దాన్ని ఊహించే ఈ ఆటను స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే ప్రతీకాత్మక క్రీడ అన్నాడు. మాట కూడా ఇలాంటి ప్రతీకే కాబట్టి, ‘పప్పు ఉడికిందా’, ‘అన్నం కాలుతోంది’ అంటూ పెద్దలు పక్కన కూర్చుని ఆడితే ఈ ఆట బిడ్డ మాటలకు మంచి సాధన అవుతుంది. రెండేళ్ల లోపు బిడ్డకు కావలసింది పొయ్యిగూడు కాదు, చేతికి అందే రెండు గిన్నెలు, ఒక గరిటె.

సామాను ఎక్కువైతే ఆట పెరుగుతుందనుకోవడం కూడా సరికాదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్ల మధ్య వయసున్న 36 మంది పిల్లలకు ఒకసారి 4 ఆటవస్తువులు, మరోసారి 16 ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో వస్తువుతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కొబ్బరి చిప్పను గిన్నెగా, పుల్లను గరిటెగా, ఆకును విస్తరిగా మార్చుకునే బిడ్డ ఊహకు పని దొరుకుతుంది. మీట నొక్కగానే సలసల మరిగే చప్పుడు చేసే పొయ్యి ఆ పనిని తానే చేసేస్తుంది.

క్షేమం విషయంలో రాజీ ఉండకూడదు. ఈ వయసు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, నకిలీ బఠానీ గింజ, ఊడిపోయే మీట వంటివి గొంతుకు అడ్డుపడతాయి. మూడేళ్ల లోపువారి బొమ్మల్లోని చిన్న భాగాలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ఏ ముక్కనైనా ప్రమాదకరంగా లెక్కిస్తారు. చప్పుడు చేసే బొమ్మల్లో ఉండే బిళ్ల ఆకారపు బ్యాటరీని బిడ్డ మింగితే, రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతివృత్తులవారు చేసి అమ్మే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపు కారణంగా స్థానిక బొమ్మలను కొనేటప్పుడు తేడాలు తెలియాలి. విజయవాడకు దగ్గరలోనే ఉన్న కొండపల్లి బొమ్మను తేలికైన తెల్లపొణికి కర్రతో ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. అది కొలువులో నిలిపి కన్నులపండువగా చూసుకోవలసిన కళ. నోట్లో పెట్టుకునే బిడ్డ చేతికి ఇవ్వదగింది కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మ తీరు వేరు. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు నున్నగా పట్టుకుంటుంది. అంచులు గుండ్రంగా ఉంటాయి, మేకులు ఉండవు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మల్లో పసుపు వంటి సహజ రంగులు కలిపినవాటిని అడిగి ఎంచుకుంటే, గుజ్జనగూళ్లకు అంతకంటే తగిన సామాను అరుదు.

ఈ కానుక ఆడపిల్లకే అన్న అలవాటును కూడా విడిచిపెట్టాలి. గొప్ప వంటకు నలభీమపాకమని పేరు పెట్టి ఇద్దరు మగవారిని తలచుకునే భాషలో, గరిటె పట్టిన మగపిల్లవాణ్ని వారించడం న్యాయం కాదు. ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, ఉత్తుత్తి వంటతో పాటు ఇంటి పనిలోనూ చేయి కలపనివ్వవచ్చు. 1907లో రోములో ‘పిల్లల ఇల్లు’ అనే బడిని ప్రారంభించి, 1939లో మద్రాసుకు వచ్చిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి నటన కంటే నిజమైన పనికే విలువ ఇచ్చింది. పెద్దవాళ్లు దగ్గరుండి చూస్తుండగా గోంగూర ఆకులు తుంచడం, చిన్న చెంబుతో నీళ్లు పోయడం రెండేళ్ల బిడ్డ చేయగలిగిన పనులే. మంటకూ కత్తిపీటకూ మాత్రం దూరంగా ఉంచాలి.

కాబట్టి బొమ్మ వంటిల్లు మంచి కానుకే, అయితే చిన్నదిగా, చప్పుడు లేనిదిగా, గట్టిదిగా ఉన్నప్పుడే. ఏడాదిన్నర దాటిన బిడ్డకు నాలుగైదు పెద్ద పిడతలు, వాటితో పాటు రోజుకు పావుగంట పెద్దల తోడు ఇస్తే, గది నిండే ప్లాస్టిక్ గూటి కంటే అవి ఎక్కువ ఇచ్చినట్లు. బిడ్డ ఖాళీ గిన్నెలో వడ్డించినప్పుడు, కూర్చుని తిని, రుచి ఎలా ఉందో చెప్పండి.